వయసును దాచుకోని గొంతు

మూడు నిమిషాలు దాటినా మాట వినపడదు. తొందర లేని డ్రమ్ములు, వాటి అడుగున బరువుగా కదిలే బాస్ గిటార్, అన్నిటినీ కప్పేస్తూ కీబోర్డు. ఇక ఇది మాటల్లేని పాటే కాబోలు అనుకునే వేళకు రాబర్ట్ స్మిత్ నోరు విప్పుతాడు. 2024 సెప్టెంబరులో ఇంగ్లండు రాక్ బృందం 'ది క్యూర్' విడుదల చేసిన 'అలోన్' అనే పాట ఇలా మొదలవుతుంది. పాట నిడివి 7 నిమిషాలకు కాస్త తక్కువ. అందులో దాదాపు సగం గడిచాక గానీ గొంతు రాదు. ఆ బృందం నుంచి కొత్త ఆల్బమ్ వచ్చి అప్పటికి 16 ఏళ్ళయింది. ఇంతకాలం తర్వాత జనం ముందుకు రావడానికి వాళ్ళు ఎంచుకున్న మొదటి పాట ఇది.

ఈ ఎంపికలో ఎంత ధైర్యం ఉందో తెలియాలంటే ఇవాళ పాటల వ్యాపారం ఎలా నడుస్తోందో చూడాలి. స్పాటిఫైలో ఎవరైనా ఒక పాటను 30 సెకన్లు వింటేనే అది లెక్కలోకి వస్తుంది. ఆ 30 సెకన్లలోపు వినేవాడు వేలితో పక్కకు నెట్టేయకుండా ఆపాలి. అందుకే ఎక్కడ చూసినా పాటల ముందుండే సంగీతం కురచైపోయింది, పల్లవి పరుగెత్తుకుంటూ ముందుకొచ్చేసింది. అలాంటి కాలంలో 65 ఏళ్ళ గాయకుడు 'నేను మాట్లాడే వరకూ ఉండండి' అన్నట్టు పాట కట్టాడు. మా ఇంట్లో అమ్మ కీర్తన ఎత్తుకునే ముందు రాగం పాడుకునేది. సాహిత్యం ఎప్పుడొస్తుందా అని మేము కంగారు పడేవాళ్ళం కాదు, రాగంలోనే కీర్తన సగం వచ్చేసేది. 'అలోన్' మొదటిసారి విన్నప్పుడు నాకు ఆ ఓపికే గుర్తొచ్చింది.

ఆ పాటతో మొదలయ్యే ఆల్బమ్ 'సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్' 2024 నవంబరు 1న వచ్చింది. వయసు మళ్ళిన రాక్ బృందాలు తిరిగొచ్చి చేసిన ఆల్బమ్‌లలో నాకు తెలిసినంతవరకూ ఇది అత్యుత్తమమైనది. ఎందుకంటే దీంట్లో యువకుడిలా కనపడాలన్న తాపత్రయం ఎక్కడా లేదు.

ఈ బృందం పేరు విననివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. లండన్‌కు దక్షిణంగా ఉన్న క్రాలీ అనే చిన్న పట్టణంలో, బడిలో కలిసి చదువుకున్న కుర్రాళ్ళు 1970ల రెండో సగంలో మొదలుపెట్టిన బృందమిది. మొదటి ఆల్బమ్ 1979లో వచ్చింది. 1980 నుంచి 1982 వరకు ఏడాదికొకటి చొప్పున మూడు ఆల్బమ్‌లు చేశారు, ఒకదాన్ని మించి ఒకటి చీకటిగా. చెదిరిన జుట్టు, కళ్ళకు కాటుక, పెదవులు దాటి పూసుకున్న ఎర్రరంగుతో స్మిత్ రూపం ఒక తరం దిగులుకు గుర్తుగా నిలిచిపోయింది. మరోవైపు అదే మనిషి చిన్నపిల్లలు గంతులేసే పాటలూ రాశాడు. 1992లో వచ్చిన 'ఫ్రైడే ఐయామ్ ఇన్ లవ్' అలాంటిదే. డిష్ యాంటెన్నాలు మన మేడల మీదికి ఎక్కిన కొత్తలో ఎంటీవీ చూసినవాళ్ళలో కొందరికైనా అది గుర్తుండే ఉంటుంది.

నాకు మాత్రం ఈ బృందాన్ని పరిచయం చేసింది మా అన్నయ్య. మద్రాసులో ఇంజనీరింగ్ చదువుతూ సెలవులకు రాజమండ్రి వచ్చినప్పుడల్లా బర్మా బజార్ చుట్టుపక్కల కొట్లలో రికార్డు చేయించుకున్న క్యాసెట్లు తెచ్చేవాడు. వాటిలో ఒకదాని మీద నీలం సిరాతో 'డిస్‌ఇంటిగ్రేషన్' అని రాసి ఉండేది. 1989లో వచ్చిన ఆల్బమ్ అది. అన్నయ్య దాన్ని ముందు గదిలో పెట్టగానే వంటింట్లోంచి అమ్మ, 'ఎవడ్రా వాడు, ఎవరు పోయార్రా వాడికి?' అని అడిగేది. 'ఎవరూ పోలేదమ్మా, వాడికి ముప్ఫై ఏళ్ళొస్తున్నాయి' అనేవాడు అన్నయ్య.

అన్నయ్య చెప్పింది నిజమేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. స్మిత్ 1959 ఏప్రిల్‌లో పుట్టాడు. గొప్ప పని ఏదైనా చేస్తే 30 రాకముందే చేయాలన్న భయం అతన్ని పట్టుకుంది. ఆ భయంలోంచి పుట్టిన ఆల్బమే 'డిస్‌ఇంటిగ్రేషన్'. అమెరికాలో దాన్ని విడుదల చేయాల్సిన సంస్థకు అది మరీ దిగులుగా ఉందని, అమ్ముడుపోదని బెంగ పట్టుకుంది. తీరా చూస్తే లక్షల్లో అమ్ముడుపోయింది. అందులోని 'లవ్‌సాంగ్' అమెరికా పాటల పట్టికలో రెండో స్థానం దాకా వెళ్ళింది. బడి రోజుల నుంచీ ప్రేమించి 1988లో పెళ్ళి చేసుకున్న భార్య మేరీకి అతనిచ్చిన కానుక ఆ పాట.

ఆ ఆల్బమ్ మీద నాకు ఇప్పటికీ అపారమైన ప్రేమ ఉంది. అయినా ఒక మాట చెప్పాలి. అందులోని దుఃఖం చాలావరకు ఊహించుకున్న దుఃఖం. ఒంట్లో బలం ఉన్నప్పుడు, అమ్మానాన్నా బతికి ఉన్నప్పుడు, అన్నీ పోతాయేమోనని పడ్డ బెంగ. అది అబద్ధమని అనను. కానీ 65 ఏళ్ళకు వచ్చేసరికి అవన్నీ నిజంగానే పోయాయి. ఈ కొత్త ఆల్బమ్‌కు ముందు సంవత్సరాల్లో అతని తల్లి పోయింది, తండ్రి పోయాడు, అన్న రిచర్డ్ పోయాడు. 29 ఏళ్ళప్పుడు భయపడ్డవి 65కు అనుభవమయ్యాయి. రెండు ఆల్బమ్‌లనూ పక్కపక్కన పెట్టి వింటే గొంతులో మార్పు పెద్దగా తెలియదు, ఆశ్చర్యంగా ఆ గొంతు అలాగే ఉంది. మారింది ఆ గొంతు వెనకున్న మనిషి.

పాత బృందాలు తిరిగి రావడం కొత్త సంగతేమీ కాదు. 2023 అక్టోబరులో రోలింగ్ స్టోన్స్ 'హ్యాక్నీ డైమండ్స్' తెచ్చారు. సొంత పాటలతో వాళ్ళ నుంచి ఆల్బమ్ రావడం 18 ఏళ్ళలో అదే మొదటిసారి. అప్పటికి మిక్ జాగర్‌కు 80, కీత్ రిచర్డ్స్‌కు 79. 2021లో చనిపోయిన డ్రమ్మర్ చార్లీ వాట్స్ అంతకుముందు వాయించి పెట్టినవి రెండు పాటల్లో వినపడతాయి. పాల్ మెకార్ట్నీ, ఎల్టన్ జాన్, స్టీవీ వండర్, లేడీ గాగా అతిథులుగా వచ్చారు. నిర్మాతగా 1990లో పుట్టిన ఆండ్రూ వాట్‌ను పెట్టుకున్నారు. ఆ ఆల్బమ్‌ను మెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. 80 ఏళ్ళ మనిషి గొంతులో అంత బిగువు ఉండటం మామూలు విషయం కాదు. కానీ అందులో చాలా పాటలు 'చూడండి, మేమేమీ మారలేదు' అని మనల్ని ఒప్పించడానికి కట్టినవి. నాకు అందులో మనసుకు పట్టింది చిట్టచివరి పాట. అతిథులు, ఆర్భాటం అంతా తప్పుకున్నాక జాగర్, రిచర్డ్స్ ఇద్దరే మిగిలి మడ్డీ వాటర్స్ పాత బ్లూస్ పాట పాడతారు. ఆ బృందానికి పేరు వచ్చింది ఆ పాట నుంచే. అక్కడ మాత్రం వాళ్ళు తమ వయసుతోనే పాడారు. క్యూర్ ఆల్బమ్ మొదటి నిమిషం నుంచీ ఆ స్థితిలోనే ఉంటుంది.

ఆ ఆల్బమ్ ఒక్క పూటలో రాలేదు. 2018లో లండన్‌లో మెల్ట్‌డౌన్ అనే సంగీతోత్సవానికి బృందాలను ఎంపిక చేసే పని స్మిత్ చేతికి వచ్చింది. ఆ పనిలో కొత్తవాళ్ళ పాటలు విని విని మళ్ళీ రాయాలనిపించిందని అతను చెప్పాడు. 2019లో వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో రికార్డింగ్ జరిగింది. అదే ఏడాది ఆల్బమ్ వచ్చేస్తుందన్నాడు, రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. అభిమానులు విసుక్కున్నారు. 2022 అక్టోబరులో లాత్వియా రాజధాని రీగాలో యాత్ర మొదలుపెట్టి, ఇంకా విడుదల కాని ఆ పాటల్లో కొన్నిటిని నేరుగా వేదికల మీద పాడటం మొదలుపెట్టారు. 33 దేశాల్లో 90 కచేరీలు, 13 లక్షలకు పైగా శ్రోతలు. అంటే రికార్డు బయటికొచ్చే నాటికి ఆ పాటలు జనం మధ్య రెండేళ్ళు బతికేశాయి. ఆలస్యం ఈ ఆల్బమ్‌కు మేలే చేసింది. 2019లో వచ్చి ఉంటే ఇది ఇంకోలా ఉండేది.

మొత్తం 8 పాటలు, 49 నిమిషాలు. రచన, స్వరకల్పన అంతా స్మిత్ ఒక్కడిదే. 1985 నాటి 'ది హెడ్ ఆన్ ది డోర్' తర్వాత అతను మొత్తం ఆల్బమ్‌ను ఒక్కడే రాయడం ఇదే. 'అలోన్' మాటలు ఎంతకీ కుదరనప్పుడు ఎర్నెస్ట్ డౌసన్ అనే ఇంగ్లీషు కవి రాసిన 'డ్రెగ్స్' అనే కవిత దారి చూపిందని అతనే చెప్పాడు. డౌసన్ 1900లో, 32 ఏళ్ళకే పోయాడు. అన్నీ ముగిశాక మిగిలే శూన్యం గురించి 32 దాటని కవి రాసిందాన్ని 65 ఏళ్ళవాడు అందుకున్నాడు. రెండో పాట 'అండ్ నథింగ్ ఈజ్ ఫరెవర్' వెనక కూడా ఒక నిజం ఉంది. చనిపోయే ముందు పక్కనే ఉంటానని ఒకరికిచ్చిన మాట నిలబెట్టుకోలేకపోవడం.

ఆరో పాట 'ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై'. అన్న చనిపోయిన రాత్రి గురించి. ఉరుములతో మొదలై, పియానో మీద చిన్న వరస ఒకటి మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఉంటుంది. దానికి మాటలు ఎన్నో రకాలుగా రాసి చూశానని, చివరికి ఆ రాత్రి ఏం జరిగిందో అది మాత్రమే సాదాగా చెప్పడం దగ్గర ఆగానని స్మిత్ అన్నాడు. ఉపమానాలు, తత్వం అన్నీ తీసేశాక మిగిలిన పాట అది. కచేరీల్లో దాన్ని పాడుతున్నప్పుడు అతని గొంతు పూడుకుపోవడం వీడియోల్లో చూడవచ్చు.

మా అన్నయ్య 2021 మే నెలలో పోయాడు. ఆ నెలలో ఎలాంటి వీడ్కోళ్ళు జరిగాయో చదివేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. చాలా ఇళ్ళలో లాగే మా ఇంట్లోనూ దగ్గరుండి సాగనంపడం జరగలేదు. మూడేళ్ళ తర్వాత ఈ పాట విన్నప్పుడు ఓదార్పు దొరికిందని చెప్పను. ఓదార్చడం ఆ పాట ఉద్దేశమే కాదు. మా ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ తెలిసిన ఒక గొంతు, మా ఇద్దరికీ పరాయి దేశంలో పుట్టిన గొంతు, నాకు జరిగినలాంటిదే తనకూ జరిగిందని చెప్పింది. ఆ గొంతు ఇంకా పాతికేళ్ళ కుర్రాడి వేషంలోనే ఉండిపోయి ఉంటే నాతో ఆ మాట చెప్పగలిగేదా? చెప్పలేదు. మనం పెద్దవుతున్నప్పుడు మనతోపాటు పెద్దవాళ్ళయ్యే కళాకారులు కావాలి. లేకపోతే ఇరవై ఏళ్ళప్పుడు మనల్ని అర్థం చేసుకున్నవాళ్ళు అరవైల్లో మనల్ని గుర్తుపట్టరు.

ఈ మాట తెలుగు పత్రికలో రాయాలనిపించడానికి ఇంకో కారణం ఉంది. మన దగ్గర అరవై దాటిన కథానాయకుడు తన వయసు మనిషిగా తెర మీదికి రావడానికి భయపడతాడు. ఆ భయం వెనక మనమే ఉన్నాం. పాత సినిమాలను 4కేలో మళ్ళీ విడుదల చేయించుకుని హాళ్ళలో కాగితాలు ఎగరేస్తున్నాం. ఆ ఆనందాన్ని నేను తప్పు పట్టను, అభిమానం గొప్పది. కానీ ఒక కళాకారుణ్ణి ఆయన ముప్ఫై ఏళ్ళనాటి బొమ్మలోనే ఉండిపొమ్మనడం ఆయనకు మనం చేసే అన్యాయం. ఆ బొమ్మ బయట ఆయన గడిపిన ముప్ఫై ఏళ్ళలో ఎన్ని పాత్రలు, ఎన్ని పాటలు పుట్టి ఉండేవో మనం అడగనే లేదు. పెద్ద వయసులో మన గాయకులు వేదికెక్కినా అంతే. కొత్త పాట ఎత్తుకుంటే హాల్లో ఫోన్లు బయటికొస్తాయి, పాత పాట అందుకుంటే చప్పట్లు.

2024 నవంబరు 1 రాత్రి క్యూర్ ఏం చేసిందో చూడండి. లండన్ తూర్పున ఒకప్పుడు సినిమా హాలుగా కట్టిన ట్రాక్సీలో కచేరీ పెట్టారు. దాన్ని యూట్యూబ్‌లో ప్రపంచమంతటికీ ఉచితంగా చూపించారు. మనకు అర్ధరాత్రి దాటింది. ముందు కొత్త ఆల్బమ్‌లోని 8 పాటలూ వరసగా వాయించి, ఆ తర్వాతే పాతవాటి దగ్గరికి వెళ్ళారు. 3 గంటలు, 31 పాటలు. పాత పాటలూ ఇచ్చారు, కానీ కొత్తవి విన్న తర్వాతే. హాలు నిండా ఉన్నవాళ్ళు కదలకుండా విన్నారు. అలాంటి శ్రోతలు తమంతట తాము పుట్టరు, నలభై ఏళ్ళు నమ్మకంగా పెంచుకోవాలి.

ఆ నమ్మకం ఎలా పెరుగుతుందో చెప్పడానికి 2023 నాటి టికెట్ల సంగతి ఒక్కటి చాలు. అమెరికా యాత్రకు కొన్ని టికెట్లను 20 డాలర్లకే పెట్టారు. గిరాకీని బట్టి ధర పెంచుకుంటూ పోయే పద్ధతి తమకొద్దన్నారు. తీరా అభిమానులు కొనబోతే, కొందరికి టికెట్ ధర కంటే టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్ సంస్థ రుసుములే ఎక్కువయ్యాయి. స్మిత్ ఆ రసీదులు చూసి తనకూ ఒళ్ళు మండిందని పెద్దక్షరాల్లో ట్విట్టర్‌లో రాశాడు, సంస్థను నిలదీశాడు. చివరికి అది తక్కువ ధర టికెట్ల మీద 10 డాలర్లు, మిగతావాటి మీద 5 డాలర్లు వెనక్కిచ్చింది. మొత్తం చిన్నదే కావచ్చు. కానీ అంత పేరున్నవాడు తన శ్రోత జేబులోంచి అన్యాయంగా పోతున్న పది డాలర్ల కోసం పోట్లాడటం నాకు అతని పాటలంత ముఖ్యమైన విషయం. బెనిఫిట్ షోల టికెట్ ధరల మీద ప్రతి పెద్ద సినిమాకూ ప్రభుత్వ ఉత్తర్వులు వెలువడే మన రాష్ట్రాల్లో, సొంత టికెట్ ధర తగ్గించమని అడిగే ఒక పెద్ద హీరో కోసం నేనింకా ఎదురుచూస్తున్నాను.

ఆల్బమ్‌లో అన్నీ ఒక ఎత్తున లేవు. మధ్యలో వచ్చే 'వార్‌సాంగ్', 'డ్రోన్:నోడ్రోన్' రెండూ చప్పుడు ఎక్కువై నన్ను అంతగా కదిలించలేదు. అంతా ఒకే రంగులో ఉందని, వెలుగు లేదని అన్నవాళ్ళున్నారు. నిజమే, 'ఫ్రైడే' లాంటి పాట ఒక్కటీ లేదు. ఉండాలని ఎందుకు కోరుకోవాలి? వీళ్ళ మధ్య ఏం నడుస్తోందో గమనించండి. కీబోర్డు వాయించే రోజర్ ఒడానెల్‌కు 2023లో రక్త క్యాన్సర్ బయటపడింది. చికిత్స తీసుకుని కోలుకుని, వచ్చి వాయించాడు. బాస్ వాయించే సైమన్ గాలప్ మధ్యలో కొంతకాలం తప్పిస్తే 1979 నుంచీ స్మిత్ పక్కనే ఉన్నాడు. ఈ ఆల్బమ్‌లో పాటలను మోసేది ఆ బాసే. మంచి ఇయర్‌ఫోన్స్ లేకుండా వింటే సగం పోతుంది.

చివరి పాట 'ఎండ్‌సాంగ్' 10 నిమిషాలు దాటుతుంది. ఇక్కడ గొంతు 6 నిమిషాలు గడిచాక వస్తుంది. 2019లో, మనిషి చంద్రుడి మీద కాలుపెట్టి 50 ఏళ్ళయిన రోజుల్లో, స్మిత్ తోటలో నిలబడి ఆకాశం చూశాడట. 1969లో పదేళ్ళ పిల్లాడిగా నాన్న పక్కన నిలబడి అదే చంద్రుణ్ణి చూడటం గుర్తొచ్చిందట. ఆ పిల్లాడు ఏమయ్యాడు, ఆ రోజుల్లో అందరూ నమ్మిన లోకం ఏమైంది అన్న ప్రశ్నే పాట. చిన్నతనంలో మా డాబా మీద అన్నయ్య కూడా నాకు చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్ దిగిన చోటు అదిగో అని ఏదో ఒక మచ్చను చూపించేవాడు. ఈ పాట నాదనిపించడానికి ఇంతకంటే ఏం కావాలి.

జనం దీన్ని కాదనలేదు. బ్రిటన్‌లో నేరుగా మొదటి స్థానానికి వెళ్ళింది. 1992లో 'విష్' తర్వాత వాళ్ళకు ఆ స్థానం దక్కడం మళ్ళీ ఇదే, అంటే 32 ఏళ్ళకు. 2025లో ఈ పాటలను వేరేవాళ్ళ చేత కొత్తగా మిక్స్ చేయించి ఇంకో ఆల్బమ్‌గా విడుదల చేశారు. దాని మీద తమకొచ్చే రాయల్టీని యుద్ధాల్లో చిక్కుకున్న పిల్లల కోసం పనిచేసే వార్ చైల్డ్ సంస్థకు ఇచ్చేశారు. 2029లో తనకు 70 వస్తాయని, మొదటి ఆల్బమ్‌కు 50 ఏళ్ళు నిండుతాయని, అందాకా ఉంటే అక్కడితో ఆపేస్తానని స్మిత్ చెప్పాడు. ఇంకో ఆల్బమ్ దాదాపు సిద్ధంగా ఉందనీ అన్నాడు. అతని 'దాదాపు' ఎంత పొడవో మనం ఇదివరకే చూశాం కాబట్టి నేను తేదీ అడగను. వచ్చినప్పుడు వింటాను.

ఈలోపు మీరు దీన్ని వినాలనుకుంటే, వరస మార్చకుండా, ఏ పాటా దాటేయకుండా 49 నిమిషాలూ వినండి. ఇంగ్లీషు మాటలు అందకపోయినా ఫరవాలేదు, మా అమ్మకూ అందేవి కావు.